పారామోర్ అంటే ఎవరు: సంతకం ఒకరిది, పాటలు కొందరివి, పేరు ఎవరిది?

పారామోర్ అనే అమెరికా రాక్ బ్యాండ్‌లో ఎంతమంది ఉన్నారని ఎవరన్నా అడిగితే, ఏ సంవత్సరం సంగతి అడుగుతున్నారో ముందు అది చెప్పండి అనాలి. 2009లో అయిదుగురు. 2010 డిసెంబర్ అయిపొయ్యేసరికి ముగ్గురు. 2015 డిసెంబర్‌కి ఇద్దరు. 2017లో మళ్ళీ ముగ్గురు, ఆ మూడో మనిషి కూడా కొత్తోడు కాదు, 2010లో బ్యాండ్ వదిలి పోయినోడే. ఈ లెక్కలన్నిట్లో మొదట్నుంచి కదలకుండా ఉన్న పేరు ఒకటే, పాటలు పాడే హేలీ విలియమ్స్. అందుకే చానామంది పారామోర్ అంటే హేలీనే, మిగతావాళ్ళు వెనకాల వాయించేవాళ్ళు అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ఒక్క ముక్క దగ్గరే ఆ బ్యాండ్ ఒకసారి చీలిపోయింది, ఇంకోసారి కోర్టుకి పోయింది.

కావలిలో ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుడు గిటార్ పట్టుకున్న కాడ్నించి వాడికి ఈ బ్యాండే లోకం. "మామా, హేలీ 2026లో సోలో టూర్ పోతా ఉందంట, అంటే పారామోర్ అయిపోయినట్టేనా?" అన్నాడు. కాదురా అబ్బయ్యా అని చెప్పటం తేలికే, ఎందుకు కాదో చెప్పాలంటే మాత్రం ఒక కాయితం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. 2003లో అట్లాంటిక్ రికార్డ్స్ అనే పెద్ద కంపెనీ చేయించిన ఒప్పందం అది. దాని మీద ఆర్టిస్టుగా ఉన్నది ఒక్క పేరే, ఆ పిల్లకి అప్పుడు 14 ఏళ్ళు.

హేలీ పుట్టింది మిసిసిపీ రాష్ట్రంలో మెరిడియన్ అనే ఊళ్ళో, 1988 డిసెంబర్‌లో. తర్వాత టెన్నెసీలో ఫ్రాంక్లిన్‌కి వచ్చేశారు, అది నాష్‌విల్ పక్క ఊరు, కంట్రీ మ్యూజిక్‌కి నాష్‌విల్ పెట్టింది పేరు కాబట్టి అక్కడ గొంతు బాగున్న పిల్ల కనపడితే కంపెనీలోళ్ళు ఊరికే వదలరు. కంపెనీ ఆలోచన ఏందంటే ఈ పిల్లని సోలో పాప్ సింగర్‌గా తయారుచెయ్యాలని. ఆ పిల్లేమో నేను ఒక్కదాన్ని పాడను, నా ఫ్రెండ్స్‌తో బ్యాండ్‌లోనే పాడతా అని మొండికేసింది. ఆ ఫ్రెండ్స్ ఎవరంటే గిటార్ వాయించే జోష్ ఫారో, డ్రమ్స్ వాయించే వాడి తమ్ముడు జాక్ ఫారో, బేస్ వాయించే జెరమీ డేవిస్. 2004లో బ్యాండ్ మొదలయ్యేసరికి జాక్‌కి 14 ఏళ్ళు, స్కూల్ పిల్లోడు.

చివరికి మధ్యే మార్గంగా ఒకటి కుదిరింది. ఒప్పందం హేలీ పేరు మీదే ఉంటుంది, బయటికి మాత్రం బ్యాండ్‌గానే వెళ్తారు. రికార్డులు కూడా అట్లాంటిక్ ముద్రతో కాకుండా, ఫ్లోరిడాలో పుట్టిన ఫ్యూయెల్డ్ బై రామెన్ అనే చిన్న లేబుల్ (అంటే రికార్డు కంపెనీ) ముద్రతో వస్తాయి. ఎందుకంటే పంక్, అంటే వేగంగా గట్టిగా మోగే రాక్ వినే పిల్లలకి పెద్ద కంపెనీ అంటే గిట్టదు, కంపెనీ తయారుచేసిన సరుకు అని పక్కన పడేస్తారు. చిన్న లేబుల్ పేరు పెడితే మనోళ్ళే అనుకుంటారు. డబ్బు వెనకాల నుంచి పెద్ద కంపెనీదే. ఇదేం మోసం కాదు గానీ, ముందు ముందు గొడవలన్నిటికీ విత్తనం మాత్రం ఇక్కడే పడింది.

ఆ ఒప్పందంలో ఇంకో మెలిక ఉంది. దాన్ని 360 డీల్ అంటారు. మామూలుగా కంపెనీకి రికార్డులు అమ్మిన డబ్బులో వాటా వస్తుంది, కచేరీ డబ్బులు, టీషర్టుల డబ్బులు ఆర్టిస్టువే. 360 డీల్‌లో అట్టా కాదు, చుట్టూ ఉన్న ప్రతి రాబడిలో కంపెనీకి వాటా ఉంటుంది. అప్పటికి ఇంటర్నెట్ దెబ్బకి సీడీలు కొనేవాళ్ళు తగ్గిపోయారు, కంపెనీలు టూర్ డబ్బుల మీద కన్నేశాయి. 2007 ప్రాంతంలో ఈ కొత్త రకం ఒప్పందం గురించి అమెరికా పత్రికల్లో రాసినప్పుడు ఉదాహరణగా చూపించింది పారామోర్‌నే. కంపెనీ వైపు నుంచి చూస్తే దీన్లో ఒక న్యాయం కూడా లేకపోలేదు, టూర్‌లో వాటా ఉంటే మొదటి ఆల్బమ్ అమ్ముడుపోకపోయినా బ్యాండ్‌ని వెంటనే వదిలెయ్యరు, రోడ్డు మీద తిప్పి తిప్పి జనాన్ని సంపాదించుకోనిస్తారు. పారామోర్‌కి జరిగింది కూడా అదే. 2005లో వార్ప్‌డ్ టూర్ అని అమెరికాలో ఊరూరా తిరిగే రాక్ ఫెస్టివల్‌లో ఒక చిన్న స్టేజి మీద మొదలుపెట్టి, రెండేళ్ళలో పెద్ద స్టేజికి వచ్చారు.

ఇది మనకి తెలియని పద్ధతేం కాదు. కందుకూరు, సింగరాయకొండ వైపు తిరునాళ్ళకి పాటకచ్చేరి మాట్లాడేటప్పుడు చూడండి, అడ్వాన్స్ తీసుకునేది ఆర్కెస్ట్రా ఓనర్ ఒక్కడే, బోర్డు మీద పేరు ఆయనదే. కీబోర్డు ఆయన, ప్యాడ్స్ ఆయన, లేడీ సింగర్ ఆ రాత్రికి ఇంత అని మాట్లాడుకుని వస్తారు. రేపు ప్యాడ్స్ ఆయన ఇంకో ఆర్కెస్ట్రాకి పోయినా బోర్డు మారదు. అక్కడ ఎవరికీ బాధ లేదు, ఎందుకంటే మేమంతా ఒకటే అని ఎవరూ అనుకోలేదు. పారామోర్‌లో చిక్కు ఏందంటే, కాయితం ఓనర్ పద్ధతిలో ఉంది, మనుషులు మాత్రం చిన్నప్పటి స్నేహితులు. హేలీ కూడా ప్రతి ఇంటర్వ్యూలో "పారామోర్ ఈజ్ ఎ బ్యాండ్" అని చెప్పేది, ఆ మాట రాసిన టీషర్టు కూడా వేసుకునేది. అంత గట్టిగా చెప్పాల్సి వస్తా ఉందంటేనే లోపల ఏదో ఉందని అర్థం.

చీలిక మొదటి ఆల్బమ్‌కి ముందే కనపడింది. 2005లో వచ్చిన ఆల్ వి నో ఈజ్ ఫాలింగ్ కవర్ ఒకసారి జూమ్ చేసి చూడండి. ఒక ఎర్ర సోఫా ఉంటుంది, దాన్లో ఎవరూ కూర్చుని ఉండరు, పక్కన ఒక మనిషి నీడ ఎటో నడిచి పోతా ఉంటుంది. బ్యాండ్ మెంబర్ల ఫోటో వెయ్యాల్సిన మొదటి ఆల్బమ్ మీద ఖాళీ సోఫా వేశారు. రికార్డింగ్‌కి ఓర్లాండో వెళ్ళిన కొద్దిరోజులకే బేస్ వాయించే జెరమీ వెళ్ళిపోయాడు, ఆ సోఫా, ఆ నీడ, ఆ టైటిల్ పాట అన్నీ అతని గురించే అని హేలీ తర్వాత చెప్పింది. కొన్ని నెలలకి అతను తిరిగొచ్చాడు, అది వేరే సంగతి. కానీ ఒక అలవాటు అక్కడ మొదలయింది: మనిషి పోయినప్పుడల్లా ఆ పోవటమే ఆల్బమ్ అవుతుంది.

2007లో రెండో ఆల్బమ్ రయట్ వచ్చింది, దాంతో దశ తిరిగింది. ఇది నికార్సయిన పాప్ పంక్. పాప్ పంక్ అంటే తెలియనోళ్ళకి రెండు ముక్కల్లో చెప్పేస్తా, పంక్ నుంచి స్పీడు, మందంగా మోగే గిటార్లు తీసుకుని, దానిమీద సినిమా పాటలాగా ఒక్కసారి వింటే నోటికొచ్చే కోరస్ పెడతారు. 1994లో గ్రీన్ డే డూకీ ఆల్బమ్, 1999లో బ్లింక్ 182 ఎనిమా ఆఫ్ ది స్టేట్ దీన్ని ఊరూరికీ చేర్చాయి. అందరూ మొగపిల్లలే, పాటలన్నీ ఆడపిల్లల మీద కంప్లయింట్లే. అట్టాంటి చోటికి నారింజ రంగు జుట్టుతో ఒక అమ్మాయి వచ్చి వాళ్ళకంటే ఎక్కువ గొంతుతో పాడేసరికి జనం తిరిగి చూశారు. మిజరీ బిజినెస్ పాటలో జోష్ గిటార్ మొదలవ్వగానే జాక్ డ్రమ్స్ దాని మెడ మీద ఎక్కి పరిగెత్తిస్తాయి, ఇద్దరు అన్నదమ్ములు చిన్నప్పటి నుంచి ఒకే గదిలో వాయించుకుంటే తప్ప ఆ బిగువు రాదు. రాసింది హేలీ, జోష్. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, పాట రాసినోళ్ళ పేర్లతో తర్వాత పనుంది.

2009లో మూడో ఆల్బమ్ బ్రాండ్ న్యూ ఐస్. అప్పటికి గిటార్ వాయించే టేలర్ యార్క్ కూడా అధికారికంగా మెంబర్ అయ్యాడు. టేలర్ అసలు ఫారో అన్నదమ్ములతో ముందు నుంచి వాయించేవాడే, మొదటి ఆల్బమ్‌లో కాన్‌స్పిరసీ పాటకే అతనికి రైటింగ్ క్రెడిట్ ఉంది, అంటే మెంబర్ కాకముందే పాట రాశాడన్నమాట. ఇగ్నొరెన్స్ లాంటి పాటలు వింటే లోపల ఎంత వేడి ఉందో తెలిసిపోతుంది, హేలీ రాసిన మాటలు బ్యాండ్‌లో వాళ్ళనే ఉద్దేశించి ఉంటాయి, ఆ మాటలకి వాళ్ళే పక్కన నిలబడి వాయించాలి. ఎట్టా వాయించారో నాకైతే ఇప్పటికీ ఆశ్చర్యమే.

2010 డిసెంబర్‌లో ఫారో అన్నదమ్ములు ఇద్దరూ బయటికి వచ్చేశారు. ముందు బ్యాండ్ ఒక మర్యాదపూర్వక ప్రకటన ఇచ్చింది, దానికి జవాబుగా జోష్ ఒక పెద్ద ఉత్తరం పెట్టాడు. సారాంశం ఏందంటే, ఒప్పందం మీద ఉన్నది హేలీ ఒక్కతే, మేమంతా ఆమె సోలో ప్రాజెక్టులో సర్దుబాటు మనుషులం, ఇది పెద్ద కంపెనీ తయారుచేసిన బొమ్మ, పైగా కొన్ని పాటల్లో మాటలు మా మత విశ్వాసానికి పడవు అని. మిగిలిన ముగ్గురూ తర్వాత టీవీ ఇంటర్వ్యూలో ఒప్పందం హేలీ పేరు మీదే ఉన్న మాట దాచలేదు, అది మొదట్నుంచి అందరికీ తెలిసిందే అన్నారు.

దీని మీద ఫ్యాన్స్ ఇప్పటికీ రెండు పార్టీలు. నా మటుకు నాకు కాయితం విషయంలో జోష్ చెప్పింది నిజం, పాట విషయంలో చెప్పింది తప్పు. సంతకం ఒక్కరిదైతే అధికారం ఒక్కరి చేతికే పోతుంది, ఎంత స్నేహం ఉన్నా డబ్బు వచ్చాక అది బయటపడుతుంది, అందులో జోష్ ఊహించింది ఏమీ లేదు. కానీ కంపెనీ తయారుచేసిన బొమ్మ అంటే, మరి ఆ బొమ్మ పాటలు సగం రాసింది ఎవరు? జోషే. తన పాటలు నిజం అయితే బ్యాండ్ కూడా నిజమే.

ఇక్కడ్నించి సౌండ్ మారటం మొదలయింది. సౌండ్ మారటం అంటే బోర్ కొట్టి మార్చారనో, ఫ్యాషన్ మారింది కాబట్టి మార్చారనో రాస్తా ఉంటారు. పారామోర్‌లో చూస్తే మనుషులు మారారు కాబట్టి సౌండ్ మారింది. రిఫ్‌లు, అంటే పాటలో తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్కలు కట్టే జోష్ లేడు, పరిగెత్తించే జాక్ లేడు. 2013లో బ్యాండ్ పేరే టైటిల్‌గా పెట్టి తెచ్చిన ఆల్బమ్‌లో డ్రమ్స్‌కి ఇలాన్ రూబిన్‌ని పిలిపించుకున్నారు, రాయటంలో జోష్ జాగాకి టేలర్ వచ్చాడు. పాత ఫార్ములా కొట్టే మనిషి లేనప్పుడు అన్నిటినీ ట్రై చెయ్యటం తప్ప దారి లేదు. 17 ట్రాకులు, మధ్యలో యుకులేలే అనే బుల్లి గిటార్ మీద చిన్న చిన్న ముక్కలు, స్టిల్ ఇంటూ యూ లాంటి పక్కా పాప్, ఎయింట్ ఇట్ ఫన్‌లో చర్చి కోయిర్. ఆల్బమ్ వచ్చిన వారమే బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో ఒకటో స్థానం. పోయినోళ్ళు లేకుండా బ్యాండ్ మునిగిపోతుంది అనుకున్నోళ్ళకి అది గట్టి సమాధానం.

ఎయింట్ ఇట్ ఫన్ దగ్గర ఒక్క నిముషం ఆగాలి. ఆ పాట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, గొంతు పక్కన పెట్టి కింద బేస్ మీదే చెవి పెట్టండి. పాట ఊగేది, జనం ఎగిరేది ఆ బేస్ వల్లే, అది జెరమీ చేతి పని. 2015 ఫిబ్రవరిలో ఆ పాటకి బెస్ట్ రాక్ సాంగ్ గ్రామీ వచ్చింది. ఆ అవార్డు పాట రాసినోళ్ళకి ఇచ్చేది, వాయించినోళ్ళకి కాదు. కాబట్టి గ్రామీ హేలీకి, టేలర్‌కి. అదే సంవత్సరం డిసెంబర్‌లో జెరమీ బ్యాండ్ నుంచి బయటికి పోయాడు. ఈ రెండిటికీ ముడి పెట్టి చెప్పటం నా ఉద్దేశం కాదు, కానీ ఒక పాటలో ఎన్ని రకాల హక్కులు ఉంటాయో ఇంతకంటే బాగా చూపించే ఉదాహరణ దొరకదు.

2016లో నాష్‌విల్ కోర్టులో కేసు పడింది. పారామోర్ తరఫు కంపెనీ వాదన ఏందంటే జెరమీ ఉద్యోగి, ఒప్పందం హేలీది, స్నేహం కొద్దీ ఆమె తన రాబడిలోంచి మిగతావాళ్ళకి వాటా ఇచ్చేది, అంతేగానీ భాగస్వామ్యం లేదు అని. జెరమీ వాదన ఏందంటే నేను భాగస్వామిని, టూర్ డబ్బుల్లో, పేరు మీద వచ్చేదాన్లో నాకు హక్కు ఉంది అని. జోష్ ఆరేళ్ళ కిందట ఉత్తరంలో రాసిన మాటే ఈసారి బ్యాండ్ లాయర్లు కోర్టులో రాసి ఇచ్చారు, ఒప్పందం హేలీ ఒక్కదానిదే అని. టీషర్టు మీద ఒక మాట, పిటిషన్‌లో ఒక మాట. 2017లో రెండు పక్షాలూ రాజీ పడ్డాయి, కోర్టు తీర్పు చెప్పాల్సిన అవసరం రాలేదు. నేను హేలీ అభిమానినే, అయినా ఈ ఒక్క చోట ఆమెని వెనకేసుకుని రాలేను.

ఇప్పుడు ఈ చిక్కుముడిలో పోగులు విడదీద్దాం. ఒక బ్యాండ్‌లో కనీసం నాలుగు రకాల సొత్తు ఉంటుంది. బ్యాండ్ పేరు, అది ఏ కంపెనీ చేతిలో ఉంటే వాళ్ళది. రికార్డింగ్, అది మామూలుగా డబ్బు పెట్టిన లేబుల్‌ది. పాట, అంటే మాటలూ బాణీ, అది రాసినోళ్ళది, వాళ్ళు బ్యాండ్‌లో ఉన్నా పోయినా వాళ్ళదే. నాలుగోది టూర్ రాబడి, అది ఒప్పందం ఎట్టా ఉంటే అట్టా. ఫ్యాన్స్ గొడవ పడేటప్పుడు ఈ నాలుగూ కలిపేసి బ్యాండ్ ఎవరిది అని ఒకటే ప్రశ్న అడుగుతారు, అందుకే అది తెగదు.

ఈ పోగులు మన నెల్లూరు వాళ్ళకి కొత్తేం కాదు, మన బాలు గారి విషయంలోనే చూశాం. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు సినిమాల్లో నిలదొక్కుకునే రోజుల్లో మద్రాసులో ఒక లైట్ మ్యూజిక్ ట్రూప్ నడిపారు, దాన్లో గిటార్, తర్వాత హార్మోనియం వాయించింది ఇళయరాజా గారు, వాళ్ళ అన్నదమ్ములు భాస్కర్, గంగై అమరన్ కూడా ఉండేవాళ్ళు. అంటే బ్యాండ్ లీడర్ బాలు గారు, గిటారిస్ట్ ఇళయరాజా గారు! తర్వాత కథ అందరికీ తెలిసిందే, ఆయన బాణీలు కట్టారు, ఈయన పాడారు. 2017 మార్చిలో బాలు గారు పాడటం మొదలుపెట్టి 50 ఏళ్ళయిన సందర్భంగా అమెరికాలో టూర్ చేస్తా ఉంటే, అనుమతి లేకుండా నా పాటలు పాడొద్దని ఇళయరాజా గారి లాయర్ నుంచి నోటీసు వచ్చింది. బాలు గారు ఆ సంగతి ఫేస్‌బుక్‌లో చెప్పి, ఇక ఆ కచేరీల్లో ఆ పాటలు పాడనన్నారు. తిప్పరాజువారి వీధి నుంచి దర్గామిట్ట దాకా ప్రతి టీ కొట్టు దగ్గరా అప్పుడు ఒకటే మాట, గొంతు ఈయనది అయితే పాట ఆయనది ఎట్టా అవుతుంది అని. 2019లో ఇద్దరూ మళ్ళీ కలిసిపోయి ఒకే స్టేజి ఎక్కారు, మనసులు కుదుటపడ్డాయి, ఆ ప్రశ్న మాత్రం అట్టే ఉండిపోయింది.

చట్టం ప్రకారం పాట రాసినోళ్ళకి, బాణీ కట్టినోళ్ళకి బహిరంగ ప్రదర్శన మీద రాయల్టీ హక్కు ఉంది, మన దేశంలో 2012లో కాపీరైట్ చట్టం సవరించినప్పుడు దాన్ని ఇంకా గట్టి చేశారు. టికెట్ పెట్టి కచేరీ చేసేటప్పుడు లైసెన్స్ తీసుకోవాల్సిన బాధ్యత మామూలుగా నిర్వాహకులది. పెళ్ళి ఊరేగింపుకి, పెళ్ళి వేడుకలకి, మతపరమైన కార్యక్రమాలకి ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది, అందుకే మన పెళ్ళిళ్ళలో బ్యాండ్ మేళం ఏ పాట వాయించినా ఎవరూ నోటీసు పంపరు. అమెరికాలో హాళ్ళు, స్టేడియాలు సంవత్సరానికి ఇంత అని రాయల్టీ సంఘాలకి కడతాయి, ఆ డబ్బు రాసినోళ్ళకి పంచుతారు. కాబట్టి జోష్ బ్యాండ్‌లో లేకపోయినా మిజరీ బిజినెస్ స్టేజి మీద పాడితే అతని వాటా అతనికి లెక్కలో ఉంటుంది. 2021లో అమెరికా పాప్ సింగర్ ఒలీవియా రోడ్రిగో గుడ్ ఫర్ యూ పాట పెద్ద హిట్ అయ్యాక, అది మిజరీ బిజినెస్‌లా ఉందని జనం అనుకోవటం, ఆ తర్వాత ఆ పాట రాసినవాళ్ళ లిస్టులో హేలీ, జోష్ పేర్లు చేరటం జరిగింది. బ్యాండ్‌లోంచి పోయి పదేళ్ళు దాటినా పేరు పక్కపక్కనే. జాక్, జెరమీ పేర్లు లేవు, మిజరీ బిజినెస్‌ని వాయించి నడిపించింది వాళ్ళే అయినా.

మిజరీ బిజినెస్‌ని హేలీ 2018లో స్టేజి మీద పాడటం ఆపేసింది, ఇంకో అమ్మాయిని తక్కువ చేసే మాట ఒకటి అందులో ఉంది, టీనేజ్‌లో రాశాను, ఇప్పుడు పాడలేను అని. 2022లో అమెరికాలో కోచెల్లా అనే పెద్ద ఫెస్టివల్‌లో పాప్ సింగర్ బిల్లీ ఐలిష్ తన షోకి పిలిచి ఇద్దరూ కలిసి అదే పాట పాడారు, ఆ సంవత్సరమే అక్టోబర్‌లో బ్యాండ్ కచేరీల్లో పాడే పాటల లిస్టులోకి తిరిగొచ్చింది. పాట హక్కు కాయితం మీద ఎవరిదైనా, పాడాలా వద్దా అనేది పాడే మనిషి గొంతులోంచి రావాలి, అది ఏ ఒప్పందంలోనూ రాయరు.

మళ్ళీ 2017కి వద్దాం. జాక్ తిరిగొచ్చాడు. అన్న రాలేదు, తమ్ముడు వచ్చాడు. ఆఫ్టర్ లాఫ్టర్ ఆల్బమ్ వింటే పాత జాక్ కనపడడు, పరుగు లేదు, ఊపు ఉంది. దాన్లో హార్డ్ టైమ్స్ పాట మరింబా (చెక్క పలకల మీద కొట్టి వాయించేది) లాంటి సౌండ్‌తో గలగలమని మొదలవుతుంది, సెలవులకి బీచ్‌కి పోయినట్టు ఉంటుంది, మాటలు వింటే మాత్రం గుండె చెరువు. హేలీ అప్పుడు డిప్రెషన్‌లో ఉందని తర్వాత తనే బాహాటంగా చెప్పింది. 80ల నాటి న్యూ వేవ్ అనే పాప్ రాక్ ధోరణి, ఆ దారిలో వాయించిన టాకింగ్ హెడ్స్ బ్యాండ్ గాలి బాగా కనపడుతుంది. పాప్ పంక్ ఫ్యాన్స్ కొందరు అప్పట్లో తిట్టుకున్నారు, గిటార్లు ఏవీ అని. నాకైతే వాళ్ళ ఆల్బమ్స్‌లో ఇదే పైన.

తర్వాత గ్యాప్. 2020లో హేలీ సోలో ఆల్బమ్ పెటల్స్ ఫర్ ఆర్మర్ తెచ్చింది, దాని ప్రొడ్యూసర్ ఎవరనుకున్నారు, టేలరే. 2021లో ఇంకోటి, దాన్లో వాయిద్యాలన్నీ తనే వాయించుకుంది. అప్పుడు కూడా బ్యాండ్ అయిపోయిందనే అన్నారు. 2023 ఫిబ్రవరిలో దిస్ ఈజ్ వై వచ్చింది. గిటార్లు తిరిగొచ్చాయి గానీ రయట్ నాటి మందం లేదు, సన్నగా, కోసినట్టు, పంక్ తర్వాత దాన్లోంచే పుట్టిన పోస్ట్ పంక్ దారిలో, బ్లాక్ పార్టీ లాంటి బ్యాండ్ల మాదిరి ఉంటాయి, ఆ బ్లాక్ పార్టీనే ఇంగ్లండ్ టూర్‌లో తోడు తీసుకెళ్ళారు కూడా. ఇక్కడ నాకు బాగా నచ్చిన ఒక చిన్న నిజం, ముందు ఆల్బమ్‌లో ఉన్న మనుషులే తర్వాత ఆల్బమ్‌లో కూడా ఉండటం పారామోర్ చరిత్రలో అదే మొదటిసారి. ఆరు ఆల్బమ్‌లు పట్టింది! 2024 ఫిబ్రవరిలో దానికి బెస్ట్ రాక్ ఆల్బమ్ గ్రామీ వచ్చింది, ఆడమనిషి ముందు నిలబడి పాడే బ్యాండ్‌కి ఆ అవార్డు రావటం కూడా అదే మొదలు.

అదే సమయానికి అట్లాంటిక్‌తో ఒప్పందం అయిపోయింది. 14 ఏళ్ళప్పుడు పెట్టిన సంతకం నుంచి బయటపడేసరికి హేలీకి 35. 2024 వేసవి అంతా యూరప్‌లో టేలర్ స్విఫ్ట్ ఎరాస్ టూర్‌కి ముందు వాయించారు, అప్పుడు పారామోర్‌కి ఏ లేబుల్ లేదు. 2025లో హేలీ తన హెయిర్ కలర్ కంపెనీ గుడ్ డై యంగ్ కస్టమర్లకి కోడ్ ఇచ్చి, వెబ్‌సైట్‌లో 17 పాటలు పెట్టేసింది, తర్వాత అవే ఈగో డెత్ ఎట్ ఎ బ్యాచిలరెట్ పార్టీ అనే ఆల్బమ్ అయ్యాయి. సొంత లేబుల్ మీద. ఆ లేబుల్ పేరు పోస్ట్ అట్లాంటిక్. ఇంతకంటే సూటిగా ఎవరు చెప్తారు.

ఇక టూర్ సంగతి. 2026కి ప్రకటించిన టూర్ హేలీ పేరు మీద, ఆ ఆల్బమ్ కోసం. అంటే పోస్టర్ మీద పారామోర్ పేరు వెయ్యలేదు. దీన్ని చూసి భయపడాల్సిన పని లేదని నేనెందుకు అంటానంటే, పాత రోజుల్లో అయితే హేలీ పాడే పాట ఏదైనా ఆ ఒక్క సంతకం కిందికే వచ్చేది, సోలో అన్నా బ్యాండ్ అన్నా కంపెనీ పుస్తకంలో ఒకే పేజీ. ఇప్పుడు మొదటిసారి ఆ రెండూ విడిగా ఉన్నాయి. ఆమె ఒక్కతే పాడాలనుకుంటే తన పేరు మీద పాడుతుంది, బ్యాండ్ కావాలనుకుంటే టేలర్‌తో, జాక్‌తో కూర్చుని కొత్తగా రాసుకోవాలి. జోష్ ఆనాడు అడిగింది ఇదే, కాకపోతే అతను అడిగిన పదిహేనేళ్ళకి కుదిరింది, అప్పటికి అతను లేడు.

టూర్ చూసేవాళ్ళు ఇంకోటి గమనించాలి. ముగ్గురు మెంబర్లు అంటారు గానీ స్టేజి మీద ఎప్పుడూ అంతకంటే ఎక్కువమందే ఉంటారు. జెరమీ పోయిన కాడ్నించి బేస్ వాయించే జోయీ హోవర్డ్ ఏళ్ళ తరబడి ఉన్నాడు, అయినా టూరింగ్ మెంబర్ అనే అంటారు. ఫోటోషూట్‌లో ఉండరు, ఇంటర్వ్యూల్లో ఉండరు, జీతానికి వస్తారు, ఆ సంగతి ముందే మాట్లాడుకుని వస్తారు. జెరమీ కేసు తర్వాత ఆ గీత స్పష్టంగా గీశారని నాకనిపిస్తుంది.

ఇండియాకి వస్తారా అంటే, ఇప్పుడు ఆ మాట నవ్వులాటగా లేదు. 2025 మార్చిలో గ్రీన్ డే ముంబైలో లొల్లపలూజా మ్యూజిక్ ఫెస్టివల్‌కి వచ్చి మహాలక్ష్మి రేస్‌కోర్స్‌లో వాయించి పోయారు, డూకీ వచ్చిన 31 ఏళ్ళకి. పారామోర్ ఎప్పుడన్నా అట్టా వస్తే మనకి వచ్చేది ముంబైకే, హైదరాబాద్‌కి కూడా అనుమానమే. నెల్లూరోళ్ళు రేణిగుంట పోయి ముంబై రైలు ఎక్కాలి, ఒంగోలోళ్ళకి ఇంకో రెండు గంటలు ఎక్కువ. ఫెస్టివల్ టికెట్లు లైనప్, అంటే ఎవరెవరు వస్తున్నారో ఆ లిస్టు చెప్పకముందు కొంటే తక్కువలో వస్తాయి, లైనప్ చెప్పాక రేటు పెరుగుతుంది, కాబట్టి హాస్టల్లో పిల్లలు నలుగురు కలిసి ముందే మాట్లాడుకుని పెట్టుకుంటే మంచిది.